అర క్లిక్కు

కూర్చో ఆయ్‌లెన్. ఆ స్టూలుకి ఒక కాలు కుంటి, చూసుకో.
బల్ల మీద గుడ్డ పరిచి మూడు ఇంజన్లు పెట్టాను.
ఏది కొనాలని కదా అడిగావు,
ముందు నీ విమానాన్ని అడుగుదాం. ఇలా ఇయ్యి.

బాగా చెక్కావు. బాల్సా దుమ్ము ఇంకా నీ కనుబొమల మీదే ఉంది.
కానీ ముక్కు బారెడు సాగదీశావు.
రబ్బరు బ్యాండుతో ఒక్కోటీ దానికి కట్టు,
రెక్క కింద రెండు వేళ్లు పెట్టి ఎత్తు.

ఈ మెరిసేదాని కోసమే కుర్రాళ్లంతా వస్తారు.
బలం ఉంది, కాదనను.
చూశావా, ఎత్తగానే నీ విమానం నేలకేసి చూస్తోంది
జేబు కొట్టేయించుకున్నవాడిలా.
పైగా తిండికి తిమ్మరాజు.
మైదానాల మీంచి పంపేరో గాలి లేచిన రోజు
లూపు లూపుకీ వేగం పెంచుకుంటూ
మూడోదానికి నీ భుజాన్ని తనతో పట్టుకుపోతుంది.
పరుగెత్తి పాలు తాగేకన్నా
నిలబడి నీళ్లు తాగడం మేలంటారే,
ఇక్కడ నిలబడి తాగేది ఆముదం.

ఈ రెండోది ఫోర్‌స్ట్రోక్. గొంతు బాగుంటుంది, పెద్దమనిషి.
దీని ధరకి మీ నాన్న టాక్సీకి నాలుగు టైర్లొస్తాయి.

ఇది బ్యాటరీది. నవ్వకు.
పొద్దున ఎలా తిరిగిందో సాయంత్రమూ అలాగే.
చేతికి జిడ్డంటదు,
పక్కింటి ఫిలొమెనా పోలీసులకి ఫోన్ చేయదు.
అన్నిట్లోకీ మంచిదిదే, తీసుకుపో.
నిజమే చెబుతున్నాను.
నిజం చెప్పేటప్పుడు నా మొహం ఇలాగే ఉంటుంది.

అదా?
అది అమ్మకానికి కాదు.
ఫ్యాన్ గాలికి గుడ్డ లేవకుండా పెట్టాను.
చెవి దగ్గర పెట్టి తిప్పకు, తిప్పకు అంటుంటే...
సరే. వినబడిందా, లోపల తడిగా ఒక చప్పరింపు?
నాకంటే దానికే ఊపిరి ఎక్కువ ఇంకా.

సమంగా ఎగిరేటప్పుడు అది గొణుగుతుంది,
ఒక దెబ్బ విడిచి ఒక దెబ్బ.
ముక్కు ఆకాశానికి ఎత్తావో
గొంతు సవరించుకుని దెబ్బ వెంట దెబ్బ.
దిగేటప్పుడు మళ్లీ గొణుగుడు.
నీ పిడికిట్లో ఉన్నవి రెండు తీగలే,
ఒకటి పైకి, ఒకటి కిందికి.
వేగానికి తీగ లేదు.
ఎక్కడ సత్తువ కావాలో దానికే తెలియాలి.
తెలిసేలా చేసేది ఈ సూది.
అర క్లిక్కు ఇటో అటో.

కోర్దోబాలో పోటీ రోజు,
గాలి చూసి భయపడి అర క్లిక్కు బిగించాను.
సరిగ్గా నెత్తి మీద ఎనిమిది అంకె గీస్తుండగా
గొణగడం మానేసి ఒకటే కీచుమంది,
తర్వాత ఏమీ అనలేదు.
తీగలు వదులై నా భుజాల మీద పడ్డాయి
దూది దారంలా.
సిలిండరు అంచు విరిగింది ఆ రోజే.
నాకు నలభై ఒకటి అప్పుడు. మళ్లీ ఎగరేయలేదు.

కట్టేశావా అప్పుడే?
వేళ్ల మీద నిలబడిందే! కదలనైనా కదలదు.
అందులో నా చెయ్యేమీ లేదు.
డబ్బు తర్వాత చూద్దాం,
నేలకి ఒకసారి కొట్టాక ఇయ్యి.

*

ఆదివారం. షట్టరు సగం దించి
మాతే పీలుస్తూ కూర్చున్నాను.
నాలుగు వీధుల అవతల, పాత రైలు యార్డు గడ్డిలో
అది మొదలైంది.

కీచు.
ఎక్కువైంది పిల్లా, అర క్లిక్కు, అర క్లిక్కు,
అని కెటిల్‌తో చెప్పాను.
ఆగిపోయింది.
లేచి చెప్పులు వేసుకున్నాను.
గుమ్మం దాకా వెళ్లాను.

మళ్లీ మొదలైంది, ఈసారి నోట్లో నీళ్లున్నట్టు.
గొణుగుడు.
గొణుగుడు.
గట్టిగా, అంతలోనే మళ్లీ గొణుగుడు.

చెప్పులు విప్పలేదు, బయటికీ పోలేదు.
వెనకాల బల్ల మీద
ఫ్యాన్ గాలికి గుడ్డ మూల
లేచి పడుతోంది, లేచి పడుతోంది.