వేలు విడిచిన మేనమామ

సోమవారం డెర్బీ మ్యూజియానికి సెలవు.
నాకూ బెరిల్‌కీ కాదు.
అద్దాల పెట్టె తాళం తీసి
మెత్తటి కుంచెతో దుమ్ము దులుపుతాం
లక్షా ఇరవై వేల ఏళ్ళ నాటి ఆవిడకి.
ఆవిడ అనే అంటుంది బెరిల్.
ఆడదో మగదో ఎవరికి తెలుసు.

అలెన్టన్‌లో ఒక పబ్బు కోసం
బావి తవ్వారట, 1895లో.
నీళ్ళకని తవ్వితే
నీటిగుర్రం పడింది.
మా తాత వింటే నవ్వేవాడు, బావులు తవ్విన మనిషి.
రాయి పడినా ఉప్పునీళ్ళు పడినా
కూలి కూలే అనేవాడు.
వీళ్ళకెంత ఇచ్చారో చీటీ మీద రాయలేదు.
ఎముకలు మాత్రం లెక్కపెట్టారు. వందకు పైనే.
నా బస్సు రోజూ అటుగానే పోతుంది.
మిగిలిన సగం ఇంకా ఆ తారు కిందే
ఉండి ఉంటుందని నా అనుమానం.

"మీ భాషలో దీన్నేమంటారు?"
నీటిగుర్రం, అన్నాను.
మా అమ్మయితే నీటిఏనుగు అంటుంది.
గుర్రమూ కాదు, ఏనుగూ కాదు.
గ్రీకులూ అంతే, ఏటిగుర్రం అన్నారు.
చూసిన ప్రతివాడూ
ఇంకెవరి పేరుతోనో పిలిచి వెళ్ళిపోయాడు,
పెళ్ళిపందిట్లో మన పేరు మర్చిపోయిన
పెద్దాయనలాగా.

మా వైపు కొత్త మొహం కనబడితే
పేరు తర్వాత. ముందు వరుస కలపాలి.
నువ్వు ఫలానా వాళ్ళకి ఏమవుతావు?
దీనికీ కలిపారు.
మూతి చూసి, దంతాలు చూసి
పందికి తోబుట్టువన్నారు.
చాలాకాలం ఆ వరుసే నడిచింది.
తర్వాతెవరో రక్తాన్ని అడిగారు.
రక్తం సముద్రం వైపు చూపించింది.

తిమింగలం!
ఐదుకోట్ల ఏళ్ళ కిందట ఒకటే పొయ్యి.
ఒకరు రేవులో ఆగిపోయారు, మెడలోతున.
ఒకరు లోపలికి, ఇంకా లోపలికి పోయి
వెనక కాళ్ళు పారేసుకున్నారు,
చేతివేళ్ళు తెడ్డులో పెట్టి కుట్టేసుకున్నారు.
వేలు విడిచిన మేనమామ అంటే
ఇన్నాళ్ళూ ఉత్త మాట అనుకున్నాను.

మధ్యలో పోయినవాళ్ళ లెక్క
బెరిల్ చెబుతుంది, టీ చల్లారేదాకా.
బొగ్గుమృగాలు. బొగ్గుపొరల్లో దొరికాయని ఆ పేరు.
ఇక్కడి బొగ్గులో కాదులే.
మా నాన్న ముప్ఫై ఏళ్ళు తవ్వాడు,
ఆకుల అచ్చులు తప్ప ఏమీ దొరకలేదు,
దగ్గు ఒకటి దొరికింది, అంటుంది.
సైప్రస్‌లో పందంత పొట్టివి.
మడగాస్కర్‌లో నిన్నమొన్నటిదాకా,
అంటే వెయ్యేళ్ళ కిందటిదాకా.
నర్మద ఇసుకలో, ముందు ఆరు పళ్ళున్నది.
అది చెబుతూ నా మొహంలోకి చూసింది
నాకేదో కావాలన్నట్టు.
నర్మద మాకు చాలా దూరం, అన్నాను.
దానికి కాదేమో, అంది.

ఇవాళ ముందుకాలి వేలొకటి
పాత అతుకు దగ్గర ఊడొచ్చింది.
బెరిల్‌కి చేతులు వణుకుతున్నాయి, రెండేళ్ళుగా.
పైవాళ్ళకి చెప్పొద్దంది.
జిగురు తను పూసింది, రెండుసార్లు తుడిచి.
పట్టుకోవడం నా వంతు.
ఆరడానికి పదిహేను నిమిషాలు.

కిటికీ అవతల వాన.
డెర్వెంట్ పొంగొచ్చంటోంది రేడియో.
ఒకప్పుడిక్కడ కాసిన ఎండకి
సింహాలు కూడా నీడ వెతుక్కునేవని
పోయిన వారం బడిపిల్లలకి చెప్పాను.
ముక్కు కారుతున్న పిల్లాడొకడు అడిగాడు:
చలి మొదలయ్యాక ఇవెటు పోయాయి?
దక్షిణానికి, అన్నాను.
ఇది పోలేదుగా, అన్నాడు.

నా చెయ్యి తిమ్మిరెక్కింది.
బెరిల్ గడియారం చూసి
"ఇక చాలు, వదిలెయ్" అంది.
ఇంకొక్క నిమిషం, అన్నాను.