తార్రోడ్డు చివర

రూటా నలభై మీద తారు ఇక్కడితో సరి.
బోర్డు అక్కర్లేదు, చక్రాలే చెబుతాయి,
వాటి గొంతు మారిపోతుంది.
ఆ గొంతు మారే చోటే నా షెడ్డు.

ఇంటిని వెంటేసుకుని తిరిగేవాళ్లు
ఇక్కడ ఆగుతారు.
లోపల మంచం, పొయ్యి, పూల కర్టెన్లు,
కుదుపుకి దొర్లకుండా కొక్కేలకు వేలాడే కప్పులు.
ముందు మాత్రం ఒకే ఒక్క పలక అద్దం,
గోడంత వెడల్పు,
చెంపదెబ్బ ఎరగని మొహం.

"ఏం చేయొచ్చు, నెమెసియో?" అంటారు.
ఉన్నదాంతో చేస్తాను.
కోళ్లగూటి వల పనికిరాదు, ఈ గాలికి రాత్రంతా ఈల వేస్తుంది.
గొర్రెల దొడ్డికి వేసే మందపాటి జాలీ తెచ్చి
చట్రానికి బిగించి
అద్దానికి జానెడు ఎడంగా నిలబెడతాను.
జానెడు ఎందుకంటే
రాయి తగిలితే వల కుంగాలి.
కుంగడానికి చోటివ్వకపోతే
వలే రాయవుతుంది.

దీపాలకు టీ జల్లెడల్లాంటి తొడుగులు.
రేడియేటరుకు దోమతెర.
బంపరు కింద, బంగారు గనివాళ్లు పారేసిన
కన్వేయర్ బెల్టు రబ్బరు, నేలకు బెత్తెడు ఎత్తు దాకా.
పెయింటు అంచులకు నీలం టేపు.
"తీసేటప్పుడు ఎండలో ఆపి నెమ్మదిగా లాగండి,
పుండు మీద కట్టు విప్పినట్టు."

అసలు మందు వేరే ఉంది.
ఎదురుగా దుమ్ము లేస్తే యాక్సిలరేటర్ మీద కాలు తియ్యాలి.
నువ్వు తీస్తే సగం దెబ్బ తప్పుతుంది,
అవతలివాడూ తీస్తే మొత్తం.
దాన్ని మాత్రం నేను కిలోల లెక్కన అమ్మలేను.

మొన్న మధ్యాహ్నం దక్షిణం నుంచి
ఒఫెలియా బుస్తామాంతే వచ్చింది.
డెబ్బై ఒకటి. రొసారియోలో ఒక బడిలో
ముప్పై ఏళ్లు పియానో వాయించిందట.
అద్దం మధ్యలో సాలీడంత పగులు,
పాకకుండా దాని మీద
రంగులేని గోళ్లరంగు పూసింది, మూడు పూతలు.
"ఎర్ర ట్రక్కు," అంది. "గనిది.
వేగం తగ్గించలేదు.
చెయ్యి మాత్రం ఊపింది, ఆడపిల్ల."

నేను బోల్టు మీదికి వంగాను.

గనికి ఎర్ర ట్రక్కులు ఆరున్నాయి.
ఆడపిల్ల నడిపేది ఒక్కటే.
దానికి స్టీరింగు పట్టడం నేర్పింది నేనే,
ఈ షెడ్డు వెనకే, పన్నెండో ఏట.
ఎదురొచ్చిన వాళ్లకు చెయ్యి ఊపడం కూడా.

రెండు బోల్టులు ఎక్కువ బిగించాను,
లెక్కలో రాయలేదు.
ఆవిడ చూసింది. ఎందుకని అడగలేదు.
మాతే గిన్నె నా వైపు జరిపింది.

రాత్రి యానీనా వచ్చింది,
కనుబొమల్లో దుమ్ము, నిలబడే సూపు తాగింది.
"డెబ్బయ్యో కిలోమీటరు మలుపులో ఎంత స్పీడులో వస్తావు?"
"లోడు లేటయితే జీతం కోస్తారు, నాన్నా."
"నేనడిగింది అది కాదు."
"నువ్వడిగింది అదే."
చెంచా గిన్నెలో పడేసి పడుకుంది.

టార్చి పట్టుకుని బయటికెళ్లాను.
ట్రక్కు వెనక చక్రాల దగ్గర రబ్బరు రెక్కలు
ముసలి కుక్క చెవుల్లా చిరిగి వేలాడుతున్నాయి.
టూరిస్టుల కోసం దాచిన బెల్టు ముక్క,
మంచిది, నాలుగు మీటర్లు,
ఇంత మంచిది మళ్లీ దొరకదు.
కోశాను.
కత్తి రెండుసార్లు మొండికేసింది.
చలికి వేళ్లు ఎక్కడున్నాయో తెలియలేదు,
నట్లు మాత్రం వాటి చోటు వెతుక్కున్నాయి.

పొద్దున అది చూసి నవ్వింది.
"ఇట్లా చేస్తే నీ దగ్గరికి ఎవరొస్తారు?"
"గాలి ఉందిగా," అన్నాను.

ట్రక్కు వెళ్లింది. దుమ్ము లేచింది.
రోజూ కన్నా పొట్టిగా లేచినట్టనిపించింది.
అనిపించడమే కావచ్చు.

పదకొండింటికి దక్షిణం నుంచి ఒక తెల్ల బండి వచ్చి ఆగింది,
అద్దం మీద గీత కూడా లేదు.
దిగినతను టాయిలెట్టెక్కడని అడిగాడు.
చూపించాను.