ఒకటి అటో ఇటో

షార్జా, పదమూడో నంబరు ఇండస్ట్రియల్ ఏరియా.
నీళ్ల ట్యాంకర్లు నింపే కాడ
పైపు నడుమ గుప్పెడంత చక్రం.
నీళ్లు తోస్తే తిరుగుతది.
రెక్క అయస్కాంతం ముంగట నుంచి పోయినప్పుడల్లా
తీగెల ఒక చిన్న ఉలికిపాటు.
దాని అంచులు చెక్కి, నిలువు గోడల పల్సు చేస్తం.
ఆ తర్వాత పనంతా లెక్కవెట్టుడే.

లెక్కకు తలుపొకటి కావాలె.
క్వార్ట్జ్ పలుకు తలుపు తీస్తది,
సరిగ్గ సెకనుకు మూస్తది.
ఆ నడుమ లోపలికొచ్చినయి ఎన్నో, అదే ఫ్రీక్వెన్సీ.
"పఠాన్ల రొట్టెల దుకాణం ముంగట నిలబడు,
రెడ్ లైటు పడి పోయేలోపు
పొయ్యిలకెల్లి ఎన్ని రొట్టెలొచ్చినయో చూడు,
గంతే" అన్నడు రోడెల్
తనకొచ్చిన సగం హిందీల.

237. 238. 237. 237. 238.
చివరి అంకె ఊకుండది.
వైరు మార్చిన. టంకం మళ్ల పెట్టిన.
ఎర్తు బిగించిన. అయినా ఆడుతనే ఉంది.
రోడెల్ నవ్విండు.
"తప్పు వైరుది కాదు.
తలుపుకు, నీళ్లకు మాట్లాడుకున్న ఒప్పందమేం లేదు.
తెరిచే యాళ్లకు ఏదో ఒక పల్సు గడప మీదుంటది.
ఓసారి లోపలి లెక్క, ఓసారి బయటి లెక్క.
ఒకటి అటో ఇటో.
దాన్నెవ్వడూ తియ్యలేడు."

నాకు లింబాద్రి యాదికొచ్చిండు.

పొద్దుగాల నాలుగున్నర, క్యాంపు గేటు కాడ బస్సు.
గుల్జమాన్ గాలిల వేలు పొడుసుకుంట లెక్కవెడ్తడు.
నలభై ఆరు.
మళ్ల లెక్కవెడితే నలభై ఏడు.
లింబాద్రి ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు ఇసుకల.
పాత కంపెనీ పాస్‌పోర్టు ఇయ్యలే,
కొత్త కంపెనీ కార్డు ఇయ్యలే,
కాగితం మీద ఖల్లివెల్లి.
పని దినం నలభై ఏడుగురం.
జీతాల దినం నలభై ఆరుగురం.

"పది సెకన్లు తెరిచిపెట్టు."
2374. 2375. 2374.
పదితోటి భాగిస్తే ఆ తప్పు పదో వంతు.
నూరు సెకన్లు తెరిస్తే నూరో వంతు.
కిటికీ పెద్దగైన కొద్దీ ఆ ఒక్కడు చిన్నగైతడు.
పోడు. చిన్నగైతడు.
ఆఫీసోళ్లు గూడ గట్లనే చేసిన్రు,
నెల లెక్క, ఏడాది లెక్క, యావరేజి.
ఏడాది కాగితంల లింబాద్రి కంటికి ఆనలే.

ఒకనాడు గుల్జమాన్ రెండుసార్లు లెక్కవెట్టిండు.
రెండుసార్లూ నలభై ఆరే.
లెక్క కుదిరిందని సంబరంగ బస్సు తలుపు చరిచిండు.
ఎనకసీటుల టిఫిన్ డబ్బా మాత్రం
రోలా దాకా దొర్లుకుంట వచ్చింది.

రాత్రి రెండింటికి ట్యాంకర్లు రావు.
వాల్వు సన్నగ కారుతది,
చక్రం తిరిగీ తిరగనట్టు.
సెకను తలుపు తెరిస్తే
సున్నా. సున్నా. సున్నా. ఒకటి. సున్నా.
నీళ్లు పోతున్నయని ఎట్ల చెప్పాలె దీంతోటి?
తిరగెయ్యి, అన్నడు రోడెల్.
పల్సులను కాదు, రెండు పల్సుల నడుమ జాగను లెక్కవెట్టు.
ఒక పల్సే తలుపు తియ్యాలె,
దాని ఎనకాలదే వచ్చి మూయాలె,
ఆ నడుమ క్వార్ట్జ్ టిక్కులు పారాలె.
ముప్పై నాలుగు లక్షల పన్నెండు వేల అరవై ఆరు.
కారే నీళ్లు గూడ గింత నికరంగ దొరుకుతయా!

లింబాద్రి ఫోను మొదట అజ్మాన్ నుంచి,
ఎవరిదో నంబరు.
మళ్ల పంతొమ్మిది రోజులకు, ఖర్జూర తోటల నుంచట.
మళ్ల ముప్పై మూడుకు, గాలి చప్పుడే ఎక్కువ,
"నా డబ్బా ఉందా?" అన్నడు, కట్టైంది.

ఎన్నిసార్లు చేసిండని నేను లెక్కవెట్ట.
నడుమ జాగనే చూస్తున్న.
కౌంటరుకు ఏడంకెలే,
పది సెకన్లకు నిండి సున్నాకొస్తది.
అందుకే బెంచి పక్క గోడ మీద
సుద్దముక్కతోటి రోజుకో గీత.
నిన్నటికి డెబ్బై నాలుగు.
రోడెల్ చూసిండు, ఏందని అడగలే.
సుద్ద అయిపోవచ్చిందని
ఇంకో ముక్క తెచ్చి అక్కడ పెట్టిండు.