పంతొమ్మిదో ఎత్తు

ఆదివారం గెలిచాను. సోమవారం రాత్రి
షట్టరు సగం దించి
ఆ గెలుపునే మళ్ళీ మొదటినుంచి ఆడుతున్నాను,
ఒక్కణ్ణే, రెండు వైపులా.

ఎత్తులు రాసుకునేది చెడిపోయిన జిరాక్సు కాగితాల వెనక.
ఈ ఆటకి ముందువైపు ఎవరిదో ఈసీ,
సగం నల్లగా పడింది, సర్వే నంబరు మాత్రం మిగిలింది.
తిప్పితే నా కోడిగీతలు:
బంటు, బంటు. గుర్రం, గుర్రం. శకటు.
శకటు అంటే మా వాడు నవ్వుతాడు, బిషప్ అనాలట.

మా గుంటూరులో గడి చెప్పడం ఎవరికీ నేర్పక్కర్లేదు.
బ్రాడీపేట నాలుగు బై పద్నాలుగు అంటే
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు,
ఆటోవాడు ఇంకో మాట అడక్కుండా తెచ్చి దింపుతాడు.
అయినా నా రాజు ఎక్కడ ఇరుక్కున్నాడో
నాకే తెలియలేదు.

నిజానికి నేను వెతుకుతున్నది వేరు.
గెలవడానికి ముప్పై నాలుగు ఎత్తులు పట్టింది,
ఇరవై ఆరులోనే ముగించేవాణ్ణేమో,
ఎక్కడ చెయ్యి జారిందో పట్టుకుని
వచ్చేవారం నాగూర్ వలీ గారి ముందు కాస్త గొప్పపోదామని.

పద్దెనిమిది. మిగిలిన ఒక్క ఏనుగూ
ఇంటి వరుస వదిలి ఆరు గళ్ళు పరిగెత్తి
మూలనున్న బంటుని మింగింది.
పక్కన టిక్కు కూడా పెట్టుకున్నాను.

ఇప్పుడు అదే పేర్చి
ఆయన కూర్చునే స్టూలు మీదికి మారితే
ఒళ్ళు చల్లబడింది.
నా రాజుకి ఎదురుగా నా బంట్లే మూడు, మేకులు కొట్టిన తలుపుల్లా.
ఇంటి వరుస ఖాళీ, చీపురు పెట్టి ఊడ్చినట్టు.
మధ్య బాట నిట్టనిలువునా తెరిచి ఉంది
ఆయన ఏనుగుకి.
ఒక్క ఎత్తు. తిన్నగా దిగడమే.

ఆయన మాత్రం అంచున ఉన్న బంటుని ఒక గడి జరిపారు.

చూడలేదా?
నలభై ఏళ్ళు మిర్చియార్డులో కాటా ముందు నిలబడ్డ మనిషి.
ముల్లు వెంట్రుకంత వాలినా పట్టేసే కళ్ళు.
ఆ కళ్ళని వేళ్ళతో ఎప్పుడూ నలుపుకోరు,
ఘాటు గోళ్ళలోనే కాపురం పెట్టిందని
మోచేతి మడతతో తుడుచుకుంటారు.
ఆ రోజూ తుడుచుకున్నారు, గుర్తుంది.
అంతకుముందు ఆయన చెయ్యి
ఏనుగు మీద గాలిలో ఆగింది,
తాకకుండా, తూకం తేలేదాకా బస్తా మీద ఆగినట్టు.
అప్పుడే టీ కుర్రాడు గ్లాసులు పెట్టాడు.
కాగితం మీద ఆ గుండ్రటి మరక ఉంది,
సరిగ్గా పంతొమ్మిది పక్కనే.
టీ మీదికి నెట్టేద్దామని చూశాను కాసేపు.

కానీ ఆ రోజే, ఇంకా గుర్రాలు బయటికొస్తుండగా,
ఓనరు కొట్టు ఖాళీ చెయ్యమన్నాడని
నేనే అన్నాను కదా.
ఆయన ఊఁ అన్నారు. అంతే.
రైతు మొహం చూసి ముల్లుని కాస్త అటు వాలనిచ్చిన
రోజులు లేకపోలేదని
ఎప్పుడో, ఇంకేదో మాటలో, ఆయనే చెప్పారు.

తప్పు ఎత్తు పక్కన ప్రశ్నార్థకం పెడతారు.
నా పద్దెనిమిదికి రెండు పెట్టాను.
ఆయన పంతొమ్మిదికి ఒకటి పెట్టి, కొట్టేసి,
మళ్ళీ పెట్టాను.
అది ఎత్తుని అడుగుతోందో మనిషిని అడుగుతోందో.

ఇరవై నుంచి ముందుకి వెళ్ళబుద్ధి కాలేదు.
ఆ పదిహేను ఎత్తులూ ఎవరో నాకు అప్పిచ్చినట్టున్నాయి.
బొమ్మలు డబ్బాలో పోసేశాను.

మళ్ళీ ఆదివారం. షట్టరు పట్టుకుంటే చెయ్యి కాలింది.
ఏమీ అడగలేదు నేను.
ఏడో ఎత్తుకే, ఏ అవసరమూ లేకుండా,
చివరి బంటుని ఒక్క గడి ముందుకి తోసి
రాజుగారి గదికి చిన్న కిటికీ పెట్టాను.

నాగూర్ వలీ గారు బల్ల వైపు చూశారు,
మోచేత్తో కళ్ళు తుడుచుకున్నారు,
"ఏమయ్యా, ఉక్కగా ఉందా?" అన్నారు.