బొగ్గుల్లేని పెట్టె

కగ్గదాసపురలో కానుగ చెట్టు కింద
ఆ పొద్దు నా బండి మీద పద్దెనిమిది చొక్కాలు.
ఇస్త్రీ అయినవి పదకొండు, ముడతలతో ఏడు.
రాత్రి టీవీలో చెప్పినారు, యాడోళ్లు ఆడనే ఉండాలని.
ఉన్నాం.
చొక్కాలూ ఉన్నాయి.

బండికి టార్పాలిన్ కప్పి తాడు కట్టి
మూట నెత్తిన పెట్టుకొని ఇంటికి తెచ్చినా.
గంగులమ్మ దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టింది,
ఎలకలు అందుకోకుండా.
నాలుగో వారానికి డబ్బా తేలికైంది.
మూట బరువు మాత్రం తగ్గలా.

అపార్ట్‌మెంట్ గేటుకు గొలుసు.
గొలుసు లేకున్నా లోపల ఎవరికి కావాలి ఇస్త్రీ?
కంప్యూటర్లో కాలర్ కనపడితే చాలంట,
దాన్ని అరచేత్తో రుద్దుకుంటున్నారంట.

బట్టలోళ్లకు అయిదు వేలు ఇస్తారని
చైత్ర ఫోన్లో చదివింది.
పేరు, ఆధార్, పాసుబుక్కు, అన్నీ ఎక్కించింది.
కడాకు: పని చేస్తుండగా తీసిన ఫోటో ఒకటి.
"నాయినా, అట్లాంటిది ఉందా నీది?"
ముప్పై ఒక్క ఏళ్లు. ఎవడు తీస్తాడమ్మా.
పెండ్లిలో తీసినారు, చేతులు కట్టుకొని నిల్చుంటే.
ఆధార్‌కు తీసినారు, కళ్లు మూసుకుంటే.

పని చేస్తే తప్పు.
చేస్తున్నట్టు చూపకుంటే డబ్బు లేదు.
ఇంట్లో దుప్పటి పరిచి తీద్దామంటే
వెనక బండి కనపడాల, వీధి కనపడాల,
గోడ కనపడితే తిరిగొస్తుందని సైబర్ నవాజ్ చెప్పినాడు.

అయిదున్నరకు, వీధి దీపాలు ఆర్పకముందే,
సందులోంచి సందులోకి నేనూ చైత్రా.
తాడు విప్పితే చేతికి మసి కాదు, దుమ్మంటింది.
ముడతల చొక్కా ఒకటి పరిచినా,
నీలం గళ్లది, నాలుగొందల రెండో నంబరు ఇంటిది.
పెట్టెలో బొగ్గుల్లేవు.
అయినా చెయ్యి తనంతట తనే నీళ్లు చిలకరించింది,
తనంతట తనే కాలర్ కాడ మొదలుపెట్టింది.
చల్లటి ఇనుము కింద ముడత పోలా,
కొంచెం సిగ్గుపడి పక్కకు జరిగింది.

బూట్ల చప్పుడు.
కానిస్టేబుల్ బసలింగప్ప.
ఆయన ఖాకీ మునుపు నా కాడికే వచ్చేది,
మంగళవారం, శుక్రవారం, డబ్బులడగను.
ఆ పొద్దు ఖాకీ నలిగి ఉంది.
లాఠీ తిన్నగా ఉంది.

నేను మాటలు వెతుక్కోలా.
పెట్టె మూతెత్తి చూపించినా.
గ్లవుజు తీసి లోపల చెయ్యి పెట్టినాడాయన.
బూడిద కూడా చల్లగా ఉంది.
"మత్తె?" అన్నాడు.
"ఫోటో సార్. సర్కారుకు."
చెయ్యి దులుపుకున్నాడు. చెట్టు పైకి చూసినాడు.
"బేగ," అని అటు తిరిగి నిల్చున్నాడు.
ఫోటోలో ఓ మూల ఆయన భుజం పడితే
చైత్ర దాన్ని కత్తిరించేసింది.

డబ్బు వచ్చింది. రాలేదనను.
జూలైలో, మా రేకుల మీద వాన పడేటప్పుడు,
అయిదు వేలని ఒక మెసేజీ.
దాని వెనకే ఇంకొకటి:
ఖాతాలో ఉండాల్సినంత లేనందుకు
ఏడొందల ఎనిమిది పట్టుకున్నారు.
లేనందుకు.
గంగులమ్మ ఆ మాట రెండుసార్లు చదివించుకుంది.

గేటు తెరిచినాక మూటతో పోయినా.
పద్దెనిమిదికీ బొగ్గులేసి మళ్లీ ఇస్త్రీ చేసి,
మడత మీద మడత కూర్చి.
నీలం గళ్ల చొక్కాయన లేడు, ఇల్లు ఖాళీ.
ఊరికి పోయినాడో, ఇంకెక్కడికో,
వాచ్‌మన్ చెప్పలా, నేను అడగలా.

నా నుదుటికి తుపాకీ లాంటిదేదో పెట్టినాడు.
టిక్కుమనింది.
ముప్పై ఒక్క ఏళ్లు నిప్పుల పక్కన నిల్చున్నవాణ్ణి.
"వేడి లేదు," అన్నాడు,
"లోపలికి పో."