వేలిముద్రలు

ఏటా నవంబరులో
నేనింకా బతికే ఉన్నానని
పెరంబూరు బ్యాంకులో వేలు పెట్టి చెప్పాలి.
యంత్రం ఒప్పుకోదు.
"ఇంకో వేలు పెట్టండి సార్" అంటుంది కౌంటర్లో అమ్మాయి.
ఉన్న పదీ వరసగా పెడతాను.

అడిగితే చిటికెన వేలి సంగతి చెప్పేవాణ్ణి.
ఎనభై మూడు, వ్యాసర్పాడిలో మ్యాటింగ్ పిచ్.
మా దేవసహాయం వేసిన బంతి
మ్యాటు బిగించిన మేకు మీద పడి లేచింది.
టీ కొట్టు నాయరు
ఐస్‌ఫ్రూట్ పుల్ల పెట్టి కట్టు కట్టాడు.
ఆ వంకరలోనే అతుక్కుపోయింది,
అన్నం కలిపేటప్పుడు ఇప్పటికీ
పక్క విస్తరి వైపు చూస్తుంటుంది.

బొటనవేలు విరిగింది పెళ్లికి తొమ్మిది రోజుల ముందు.
రెండు ముళ్లు ఎలాగో వేశాను.
మూడోది మా అక్క వేసింది.
"ఆ ముడి వరకూ నేను మీ అక్క మాటే వింటా"
అంటుంది హైమావతి, ముప్పై ఏడేళ్లుగా.

సెంబియం స్టార్‌లైట్ క్రికెట్ క్లబ్బు, నాలుగో డివిజను.
ఒక్కసారి మూడుకి ఎక్కాం.
మరుసటేడు దిగాం, బస్సు తప్పెక్కినవాళ్లలా.
చూడ్డానికి వచ్చేవి ఆవులు.
బౌండరీ తాడు మీద పంచెలారేసుకునే ఒక పెద్దాయన,
ఫోరు పోతే తిట్టేవాడు.

బౌలరుకి వికెట్టు రాస్తారు, బ్యాటరుకి పరుగు.
వికెట్ల వెనక కూర్చున్నవాడికి
రాకుండా పోయిన పరుగులు.
ఏకాంబరం స్కోరు పుస్తకంలో
బైలు: సున్నా.
కోచ్ ఫ్యాక్టరీ జీతంలో ఇల్లు కట్టలేదు గానీ
ఆ సున్నాలు చాలా కూడబెట్టాను.

ఆదివారానికి యాభై ఓవర్లు, మూడొందల గుంజీళ్లు.
ఏ తప్పుకో, ఏ పంతులు వేశాడో
ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
మోకాళ్లు మాత్రం ఇప్పుడు
మెట్టు మెట్టుకీ అడుగుతున్నాయి.

నలభై మూడేళ్లూ స్టంపుల వెనక
"పోడు మచ్చా, నల్లా పోడు" అని తమిళమే మాట్లాడాను.
క్యాచి జారితే మాత్రం తెలుగు.
అమ్మ నేర్పింది కాదు,
నాన్న నోట విన్నది.

"వేళ్లు పడట్లేదు సార్.
కంటి యంత్రం తెస్తా, రెప్ప వేయకండి."

రెప్ప వేయకూడదని నాకా, అమ్మా?
కళ్ల ముందు నుంచి బ్యాటు ఊగి
బంతిని మూసేసిన ఆ అర క్షణం
రెప్ప వేయకపోవడమే కదా
నాకు చేతనైన ఒకే ఒక్క పని.

చూశాను.
పచ్చ దీపం వెలిగింది.
వచ్చే నవంబరు దాకా బతికి ఉన్నట్టే.

రసీదు మడిచి జేబులో పెట్టబోతే
వేళ్లలోంచి జారింది.
నేల తాకక ముందే
ఎడమ చెయ్యి దాని కింద ఉంది.

అమ్మాయి అప్పటికే తర్వాతి టోకెను పిలుస్తోంది.
ఎవరూ చూడలేదు.
అలవాటే.