ఎరుపేదీ?

సీజను పోయాక, పచ్చిగెలలు కలిపి ఆడిస్తే
పామాయిల్ పాలిపోతుంది. ఏటా ఇంతే.
అక్రాలో కొనేవాళ్ళు సీసాను ఎండకెత్తి
"ఎర్రగా లేదేం?" అంటారు.
నాలుకకంటే ముందు కన్ను కొరికి చూస్తుంది.

ఈ ఏడు మకోలా బజారులో
కోర్కోర్ పెద్దమ్మ సీసాలు మాత్రం
ఆగస్టులోనూ మండుతున్నాయి.

నేను ప్రయోగశాల మనిషిని.
తెల్లకోటు విప్పి వెళ్తాను,
బేరమాడి అరలీటరు కొని
మూతమీద తారీఖు రాస్తాను.
ఆమె దగ్గర బేరమాడలేదు.
బడి ఎగ్గొట్టి వచ్చిన రోజుల్లో
బొబ్బర్లు, వేపిన అరటిపండు, పైన గరిటెడు నూనె,
"రెడ్-రెడ్ తిను సెలాసీ, రక్తం పడుతుంది"
అని వడ్డించిన చెయ్యి అది.

పండులోంచి వచ్చిన ఎరుపుకి బెరుకెక్కువ.
కాగితే తెల్లబోతుంది,
కిటికీలో పెడితే వెలిసిపోతుంది.
సూడాన్ ఎరుపు అలా కాదు.
మైనానికీ బూటు పాలిష్‌కీ పుట్టింది.
నీళ్ళతో పొత్తు కుదరదు,
కొవ్వు కనబడితే వదలదు.
లోపలికెళ్ళి ఏం చేస్తుందో
ఎలుకల లెక్కలున్నాయి.
మనుషుల లెక్క ఇంకా తేలలేదు.
తేలేదాకా మన పిల్లలమీద చూడక్కర్లేదు
అంటుంది చట్టం. నేనూ అదే అంటాను.

పలకమీద ఒక బొట్టు పెట్టాను.
కింద ద్రావకం. తడి పైకి పాకింది.
పసుపు దాంతోపాటే పరుగెత్తింది.
ఒక ఎర్రచుక్క మధ్యలో నిలబడిపోయింది,
పేరడిగితే నేల చూసే మనిషిలా.
పక్కన అసలు సూడాన్ బొట్టు. అదే ఎత్తు.
మళ్ళీ చేశాను.
అదే ఎత్తు.

నోటీసు తీసుకుని నేనే వెళ్ళాను.
చదవమంది. చదివాను.
బల్లకిందనుంచి పాలిపోయిన సీసా తీసి
నా ముందు పెట్టింది. మూతమీద దుమ్ము.
"ఇది నా సొంత గానుగది. దేవుడిచ్చిన రంగే.
జూన్ నుంచి ఒక్కరు ముట్టుకుంటే ఒట్టు."
నేను సీసా చూడలేదు.
ఆమె గోళ్ళు చూశాను.
చివర్లు గోరింటాకు పెట్టినట్టు ఎర్రగా.
"నిమ్మకాయకి పోవట్లేదు,
సబ్బుకి పోవట్లేదు," అంది, చేతులు దాచకుండానే.
"లోపలికి పోయింది మాత్రం పోతుందా?"
ఆ ప్రశ్నకి నా దగ్గర పలక లేదు.

ఎర్ర సీసాలన్నిటికీ సీలు వేయించి
దుమ్ము సీసా కొన్నాను. ఈసారీ బేరమాడలేదు.

రాత్రి మా ఎలోర్మ్
పళ్ళెంలోకి వంగి, చెంచాతో కెలికి,
నా మొహంలోకి చూశాడు.
"రెడ్-రెడ్ అన్నావుగా అమ్మా,
ఎరుపేదీ?"